కొత్త టైర్లు ముందుకా, వెనక్కా?

మాజ్డా మియాటా కొని ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "మరి పిల్లాడెక్కడ కూర్చుంటాడండీ?" అని. ఉన్నవే రెండు సీట్లాయె. నా దగ్గర జవాబు లేదు. పెళ్లికి ముందు కొనుక్కోవలసిన కారు పెళ్లయిన ఏడేళ్లకి, అదీ 2008 మోడలు సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి మరి. చివరికి వారమంతా క్లయింటు ఆఫీసుకి టొయోటా, ఆదివారం పొద్దున్న నా సరదాకి మియాటా అని ఒప్పందం కుదిరింది.

సరే, ఇవాళ చెప్పబోయేది ఆ కారు టైర్ల సంగతి. టైర్ల విషయంలో నాకు వంశపారంపర్యంగా కాస్త గర్వం ఉంది లెండి. మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ల పైన టైర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఖాకీ చొక్కా నుంచి వచ్చే రబ్బరు వాసనే నాకు నాన్న వాసన. నేను కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేశాను గానీ, టైరు మీద చెయ్యేసి అది ఎందుకు అరిగిందో చెప్పే విద్య ఆయనదే.

కారు కొన్న ఏడాదికి వెనక టైర్లు రెండూ గుండయ్యాయి. ఇది వెనక చక్రాలని ఇంజను తిప్పే బండి. ఆ పని చేసేవే తొందరగా అరుగుతాయి కదా. ఇక్కడ ఒక చిట్కా ఉంది. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూస్తే వాషింగ్టన్ తల పైభాగం కనిపించకూడదు. కనిపిస్తే అంగుళంలో 32వ వంతులు నాలుగు కూడా మిగల్లేదని అర్థం, వానలో జాగ్రత్త పడాలి. పెన్నీ పెట్టినప్పుడు లింకన్ తల మొత్తం కనిపిస్తే రెండు కూడా లేవని. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే హద్దు అదే. నా వెనక టైర్లకి లింకన్ గారు నిండుగా దర్శనమిచ్చారు. ముందువి నాలుగు వంతుల దగ్గర ఉన్నాయి.

ఇక ఎంపిక. టైరు పక్కన 205/45R17 84W అని రాసుంటుంది. 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 45 శాతం గోడ ఎత్తు, ఆర్ అంటే రేడియల్, 17 అంగుళాల రిమ్ము. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోల దాకా మోస్తుంది. డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. నేను దాన్నేసుకుని వెళ్లేది ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు కొనడానికి, గంటకి 25 మైళ్లు, అదీ పార్కింగ్ దొరికితే. అయినా మగబుద్ధి! ఆల్ సీజన్ టైర్లుండగా వాటి వైపు చూడకుండా సమ్మర్ పెర్‌ఫార్మెన్స్ టైర్లకే మనసు పోయింది. వాటి రబ్బరు మెత్తన, రోడ్డుని బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. చలి 45 ఫారన్‌హీట్ కన్నా కిందకి దిగితే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. అంటే మా న్యూజెర్సీలో నవంబరు నుంచి మార్చి దాకా అవి గరాజులో నిద్రపోవాల్సిందే. టైరు మీద డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు కూడా చూసుకోండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. కొత్త టైరని చెప్పి గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడున్నది అంటగడితే ఆ అంకెలే పట్టిస్తాయి.

నాలుగూ కొంటే జేబు ఒప్పుకోలేదు. రెండే కొందామనుకున్నాను. షాపుకెళ్లే ముందు అలవాటు ప్రకారం తెనాలికి ఫోన్ చేశాను.

"నాన్నా, రెండు కొత్త టైర్లు కొంటున్నా. ముందు వెయ్యనా, వెనక వెయ్యనా?"

"అడగాలట్రా? కొత్తవెప్పుడూ ముందుకే. స్టీరింగ్ ఎక్కడుంది? ముందు టైరు పేలితే బండి చేతిలో ఉంటుందా?"

షాపులో పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. రెండే కొంటే వెనకే వేస్తాం, అది మా రూలు అన్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మా నాన్న కన్నా నీకెక్కువ తెలుసా అని మనసులో అనుకుని, పైకి థాంక్యూ చెప్పి, ఇంటికొచ్చి జాకీ తీశాను. గంటన్నర చెమటోడ్చి కొత్తవి ముందుకి, పాతవి వెనక్కి మార్చేశాను. పని బాగా చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

అక్టోబరులో ఒక ఆదివారం, సన్నగా మొదలైన వాన గట్టిగా పట్టుకుంది. రూట్ 1 మీంచి 287 ఎక్కే ర్యాంపు మలుపులో 25 మైళ్ల బోర్డుంది. నేను 40లో ఉన్నాను. ముందు కొత్త టైర్లు రోడ్డుని అతుక్కుని ఉన్నాయి, స్టీరింగ్ బ్రహ్మాండంగా ఉంది. ఆ ధైర్యమే కొంప ముంచింది. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించి చటుక్కున కాలు తీసేశాను. అంతే, కారు తోకని ఎవరో పట్టుకుని గిరాటేసినట్టయింది. రెయిలింగూ, ఆకాశమూ, వెనకాల వస్తున్న ట్రక్కు లైట్లూ వరసగా అద్దంలో తిరిగాయి. కళ్లు తెరిచేసరికి గడ్డి మీద, వచ్చిన దారికేసి మొహం పెట్టి ఆగి ఉన్నాను. ట్రక్కతను ఆపి, కిందకి దిగి, నేను బతికే ఉన్నానని చూసుకుని వెళ్లిపోయాడు. కారుకి గీత పడలేదు. నా పక్క సీట్లో మావాడి బొమ్మ జీపు ఒకటి ఉంది. అది మాత్రం డాష్‌బోర్డు కింద పడి ఉంది. ఆ రోజు పొద్దున్న వాడు కూడా వస్తానని ఏడ్చాడు.

చేతుల వణుకు తగ్గిన తరవాత కూర్చుని చదివాను. టైరు గాడులున్నది నీళ్లని బయటికి తోసెయ్యడానికి. గాడి లోతు తగ్గితే నీళ్లు తప్పుకోలేక టైరు వాటి మీద తేలుతుంది. ముందు టైర్లు తేలితే కారు తిరగకుండా తిన్నగా పోతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, డ్రైవరుకి తెలుస్తుంది. కాలు నెమ్మదిగా తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి తేలితే తోక ముందుకి వచ్చేస్తుంది. తెలిసేలోపే అయిపోతుంది. పైగా కాలు తీసేస్తే బరువు ముందుకి ఒరిగి వెనక ఇంకా తేలికవుతుంది. అందుకే మిషెలిన్ లాంటి కంపెనీలు రెండే కొంటే వెనకే వెయ్యమంటాయి, ముందు చక్రాలు నడిపే కార్లకి కూడా. అమెరికాలో కొత్త కార్లకి స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయింది 2012 మోడళ్ల నుంచి. నా కారులో ఆ కాపలాదారుడు లేడు.

ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. తొమ్మిది నెలలు చెప్పలేదు. ఏమని చెప్పను? నీ మాట విని చచ్చేవాణ్ణి అనా?

వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. రెండో రోజే నాన్న గరాజులో తేలారు. మొదటి షాక్ స్టెప్నీ లేకపోవడం. నా మియాటాకి స్టెప్నీ ఉండదు, పంక్చరయితే జిగురు పోసి గాలి కొట్టే చిన్న పంపు ఇచ్చారంతే. "స్టెప్నీ లేని బండి కూడా బండేనా!" అన్నారాయన. తరవాత టైర్ల మీద అరచెయ్యి పెట్టి లోపలివైపు, బయటివైపు నిమిరి, "లోపలంచు తినేస్తోంది, అలైన్‌మెంట్ చూపించు" అన్నారు. వారం తరవాత షాపులో కంప్యూటరు కూడా అదే చెప్పింది. బిల్లుతో సహా.

"ఆ కొత్తవి రెండూ ముందే వేశావుగా?" అనడిగారు.

ఇక చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను, బొమ్మ జీపుతో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు, "వెనక ఒక్కోవైపు ఎన్ని టైర్లురా?"

"ఒకటే నాన్నా, కారు కదా."

"మా బస్సుకి రెండేసి. ఒకటి పేలినా పక్కది మోస్తుంది. ముందు ఒకటే. అందుకే రీట్రెడ్ చేసిన టైరు ముందు వెయ్యనిచ్చేవాళ్లం కాదు. ఆ రూలు ఎందుకో చెప్పకుండా నీకు రూలొక్కటే చెప్పాను. నువ్వూ ఎందుకని అడగలేదు."

ఆయన రూలు తప్పేం కాదు. బస్సు ముందు చక్రాలకి రీట్రెడ్ టైర్లు వాడకూడదని ఇక్కడి ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివించుకున్నారు. ఆఫీసులో పాత సిస్టమ్ నుంచి కోడ్ కాపీ కొట్టే కుర్రాళ్లకి అది ఏ మిషను కోసం రాశారో చూసుకోండయ్యా అని వారానికోసారి నీతులు చెప్పేవాణ్ణి నేను!

ఈసారి నాలుగూ ఒకే రకం కొన్నాను. ముందా వెనకా అన్న గొడవే రాకుండా ఉండాలంటే నాలుగూ కలిసి అరగాలి. దానికే రొటేషన్, ప్రతి 5000 మైళ్లకీ. వెనక చక్రాలు నడిపే బండికి వెనకవి తిన్నగా ముందుకి, ముందువి అడ్డంగా మారి వెనక్కి. టైరు మీద తిరిగే దిక్కుకి బాణం గుర్తుంటే పక్క మార్చకూడదు, అదే వైపు ముందూ వెనకా. ముందు సన్నవి, వెనక వెడల్పువి ఉన్న కార్లకి ముందూ వెనకా మార్చడమే కుదరదు, వాటి యజమానులకి నా సానుభూతి.

నాన్నా నేనూ కలిసి నాలుగు స్టాండ్ల మీద బండి లేపాం. ఆయన ప్రతి టైరు మీదా చాక్‌పీసుతో అంకె వేసి, అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో కాగితం మీద రాశారు. డిపోలో టైరుకో నంబరు, నంబరుకో కార్డు ఉండేదట, పుట్టినప్పటి నుంచి పారేసేదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాన్లో రాసేవాళ్లట. నేను లాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి ఇలా ఉంటుందా అని చూపిస్తే, "అదే కార్డు, కరెంటు కావాలంతే" అన్నారు. నట్లు నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించాం. టార్క్ రెంచి 80 ఫుట్-పౌండ్ల దగ్గర క్లిక్‌మన్నప్పుడల్లా ఆయన మొహంలో నవ్వు. చెయ్యి చెప్పే లెక్క దానికెలా తెలిసిందో అని.

వెళ్లే ముందు ఆదివారం, వాన పడుతుంటే, "పద, ఆ ర్యాంపు చూపించు" అన్నారు. రెండో సీట్లో ఆయన కూర్చున్నారు. బోర్డు 25 అంది, నేను 22లో వెళ్లాను. మలుపు మొత్తం ఆయనేం మాట్లాడలేదు. ఓరగా చూస్తే, కుడికాలు మాత్రం ముందున్న చాపని గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది.