తాతయ్య గణాలూ నా లెక్కలూ

నేను కంప్యూటర్ సైన్సు చదువుతున్నానని తెలిసిన నాటినుంచీ మా వీధివారికి నామీద గౌరవం పెరిగింది. రైలు టిక్కెట్లు నేనే తీసిపెట్టాలి. మొరాయించిన సెల్‌ఫోన్లను నేనే బుజ్జగించాలి. ఈ రెండు విద్యలూ మా కాలేజీలో ఎవరూ నేర్పరండీ అంటే, "పిల్లకి ఎంత వినయం!" అంటారు.

వినయం మాట అలా ఉంచి, మొదటి ఏడాదంతా నాకు దుఃఖమే. పదో తరగతి వరకూ అమలాపురంలో తెలుగులో చదివాను. ఇంటరు రెండేళ్లూ బట్టీపట్టి గట్టెక్కాను. కాకినాడ వచ్చాక బట్టీ పనిచెయ్యలేదు. మేష్టారు బోర్డుమీద 'పాయింటరు' అని రాసి గంటసేపు ఇంగ్లీషులో చెప్పారు. నా పక్కపిల్ల తల ఊపుతూనే ఉంది. ఆమెకు అర్థమయిందో, మెడనొప్పో, అడగటానికి నా ఇంగ్లీషు చాలలేదు.

సంక్రాంతికి ఇంటికి వచ్చి, ఇక తిరిగి వెళ్లనని అమ్మతో చెప్పేశాను. నాన్నగారు ఒక్కమాట అనలేదు. బ్యాంకు అప్పు కాగితాలున్న సంచీని బీరువాలో కింది అరనుంచి తీసి పై అరలో పెట్టారు, అంతే.

తాతయ్య మాత్రం ఊరుకోలేదు. ఆయన తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. "ఏమే అమ్మడూ, నీ యంత్రం ఏం చేస్తుందో నాకు చూపించు" అన్నారు.

"ఒక మాట చెప్పండి తాతయ్యా, ఎంత పొడుగుందో లెక్కపెడుతుంది" అన్నాను.

"స్త్రీ!"

'సి' భాషలో నాలుగు వరుసలు రాసి అడిగాను. యంత్రం 18 అంది.

తాతయ్య కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఒక్క స్త్రీ పద్ధెనిమిదిమంది పెట్టు అని మీ నాయనమ్మ ఏనాడో చెప్పిందే! దీనికి యంత్రమెందుకు?"

లెక్కలో పొరపాటేమీ లేదు. యూనికోడ్‌లో ఆ అక్షరం ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క ముక్కకూ మూడేసి బైట్లు. వెరసి 18. అదంతా చెప్పాను. చెబుతుంటే చిత్రంగా నాకే తేటపడింది. కాలేజీలో అదే సంగతి పొగమంచులా ఉండేది.

"అయితే దీనికి అక్షరమంటే ఏమిటో తెలియదన్నమాట. మన వీధిబడి పిల్లకి తెలుసు. తెలిసినవాళ్లే దానికి చెప్పాలి మరి" అన్నారు తాతయ్య.

ఆ సెలవుల్లో ఇద్దరం అదే పని చేశాం. పొల్లు కనిపిస్తే తరువాతి హల్లును కలుపుకోమని మొదట నేర్పాం. ఆపైన గురులఘువులు. దీర్ఘమూ, సున్నా సులువే. చిక్కంతా హ్రస్వంతోనే. 'రత్నం'లో ర హ్రస్వమే గాని, తరువాత సంయుక్తం ఉంది కనుక గురువయింది. అంటే ఒక అక్షరం బరువు తేల్చాలంటే యంత్రం తరువాతి అక్షరాన్ని తొంగి చూడాలి!

లఘువుకు సున్నా, గురువుకు ఒకటి వేసుకుంటే మూడక్షరాల గణాలు ఎనిమిదీ, న గణం నుంచి మ గణం దాకా, మూడు బిట్ల సంఖ్యలే. పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పిన ప్రస్తారం ఇదేకదా అన్నారు తాతయ్య. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాలను గురులఘువులతో పేర్చే తీరులు 10,48,576. మా కాలేజీ పుస్తకాల్లో ఆ సంఖ్య వంద చోట్ల కనిపిస్తుంది, రెండును ఇరవైసార్లు హెచ్చవేసి!

పండుగ వెళ్లాక కాకినాడ బస్సెక్కాను. పాయింటరు వెంటనే లొంగలేదు లెండి. కాని అర్థంకానప్పుడు లేచి అడగటం మొదలుపెట్టాను, వచ్చీరాని ఇంగ్లీషులోనే. పక్కపిల్లకీ అర్థంకాలేదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుగా పద్యాల గణవిభజననే తీసుకున్నాను. దానికి ఉద్యోగాలు రావని స్నేహితురాళ్లు బెంగపడుతున్నారు. ఆ భయం నాకూ లేకపోలేదు. వచ్చే నెలలోనే కంపెనీలవాళ్లు వస్తారు, పై అరలో సంచీ అలాగే ఉంది.

యతి ఇంకా కుదరలేదు. సంధిలో అచ్చు దాక్కుంటే యంత్రానికి దొరకదు. తాతయ్య నోటుపుస్తకంలోని పద్యాలు ఒక్కొక్కటే పరీక్షిస్తున్నాను. నిన్న ఒకదానిలో గణం తప్పిందని ఫోనులో చెప్పాను.

"తప్పింది నీ యంత్రం" అన్నారు.

ఆదివారం ఇంటికి వెళుతున్నాను. తేల్చుకోవాలి.