బ్యాండ్ బాగాలేదు సార్!

క్లబ్ అనగానే స్విమ్మింగ్ పూల్, పేకాట బల్లలు ఊహించుకోకండి. మాది సికింద్రాబాద్‌లో ఓ పాత ఇంటి మేడ మీద గది. పైన రేకులు, గోడకి ప్రపంచపటం, మూలన ఇనుప బీరువా. మెట్లెక్కుతుంటే పిట్టగోడ నుంచి ఎదురింటి వేపచెట్టు దాకా లాగిన తీగ కనిపిస్తుంది. కొత్తవాళ్లు బట్టలారేసుకునే దండెం అనుకుంటారు. ఓసారి పనావిడ నిజంగానే దాని మీద టవల్ ఆరేసింది. అదే మా యాంటెన్నా.

మధ్యలో కేబుల్ దిగుతుంది, అటూ ఇటూ చెరో పది మీటర్లు. మేం మాట్లాడుకునే 7 మెగాహెర్ట్జ్‌కి ఆ పొడవు కావాలి. కొలత తేడా వస్తే సెట్ పంపిన పవర్‌లో కొంత గాల్లోకి పోకుండా వెనక్కి తన్నుతుంది. ఎంత తన్నుతోందో చూపించడానికి ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ అని ఒకటి ఉంటుంది. ఈ వెనక్కి తన్నడం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

అసలీ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. మాది గాజువాక. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వైజాగ్ మీద పడ్డప్పుడు నేను విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉన్నా. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇంటికి ఫోన్ కలవలేదు. సోమవారమూ కలవలేదు. టీవీలో చూస్తే ఎయిర్‌పోర్ట్ పైకప్పే లేచిపోయి ఉంది. ఎయిర్‌పోర్ట్‌కే దిక్కు లేకపోతే మా రేకుల ఇంటి సంగతేంటి? వార్డెన్ ఫోన్‌లోంచి అమ్మ నంబర్ ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. మంగళవారం రాత్రి హాస్టల్ ల్యాండ్‌లైన్‌కి ఎవరో చేశారు.

“మీ అమ్మానాన్న బాగున్నారు బాబూ. రేకులు ఎగిరిపోయాయి, అంతే. నిన్ను బయల్దేరొద్దన్నారు.”

మీరెవరండీ అంటే, “హామ్ ఆపరేటర్‌ని. వైజాగ్ నుంచి రేడియోలో మెసేజ్ వచ్చింది” అని పెట్టేశారు. పేరు అడగలేదు నేను. అప్పటికే ఏడుస్తున్నా.

తర్వాత బీటెక్, ప్లేస్‌మెంట్, గచ్చిబౌలిలో ఉద్యోగం. అందరి కథే. కానీ ‘హామ్’ అన్న ఆ మాట బుర్రలో ఓ మూల ఉండిపోయింది. మూడేళ్ల కిందట ఓ ఆదివారం ఈ మెట్లెక్కాను. ఇంటాయన రైల్వే సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. మేమంతా పెద్దసార్ అంటాం. నేను హుద్‌హుద్ కథ చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. 2004లో సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అనే హామ్ ఆపరేటర్ అండమాన్‌లోనే ఉండి, ఫోన్లు మూగబోయిన చోటి నుంచి రేడియోలో ఎందరి క్షేమసమాచారాలో చేరవేసిన సంగతి చెప్పారు. చెప్పి, ఉప్మా తినమన్నారు. ఆంటీ చేసే ఉప్మా కోసం వచ్చేవాళ్లు కూడా మా క్లబ్‌లో ఉన్నారని నా అనుమానం.

మాట్లాడాలంటే లైసెన్స్ ఉండాలి. దానికి పరీక్ష ఉంటుంది, కొంత ఎలక్ట్రానిక్స్, కొంత రూల్స్. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు. నేను ఈసీఈ కదా, తేలికే అనుకున్నా. బీటెక్‌లో చదివిందెంతో, బట్టీ పట్టిందెంతో అప్పుడు తెలిసింది. పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. ఇక అదే మీ పేరు. ఆన్‌లైన్‌లో చవగ్గా చైనా వాకీటాకీలు దొరుకుతున్నాయి కదా అని కొనేసి మాత్రం మాట్లాడకండి. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. లైసెన్స్ ఉన్నా గాల్లో వ్యాపారం మాట్లాడకూడదు, సంకేతభాష వాడకూడదు. ప్రైవసీ సెట్టింగ్స్ అనేవే లేని నెట్‌వర్క్ ఇది.

ఆదివారాలు ఒకేలా ఉండవు. ఓసారి ఎవరో చిన్న ట్రాన్స్‌మిటర్‌ని పార్కులో పొదల్లో దాచేస్తారు, మిగతావాళ్లం టేపు ముక్కలూ పీవీసీ పైపుతో చేసిన యాగీ యాంటెన్నాలు పట్టుకుని వెతుకుతాం. దీన్ని ఫాక్స్ హంట్ అంటారు. చూసేవాళ్లు మమ్మల్ని కేబుల్ టీవీ వాళ్లనుకుంటారు. ఇంకోసారి స్పేస్ స్టేషన్ నుంచి బొమ్మలు పంపుతున్నారంటే 145.800 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేసి, సెట్ స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి, రోబో36 యాప్ ఆన్ చేశాం. ఈల వేసినట్టు ఓ వింత శబ్దం. దానికి తగ్గట్టు స్క్రీన్ మీద గీత గీతగా బొమ్మ దిగింది. ఒక్క బొమ్మకి రెండు నిమిషాలు. ఫైబర్ నెట్ ఉన్న ఇంట్లో కూర్చుని రెండు నిమిషాలు ఓ ఫొటో కోసం ఊపిరి బిగబట్టడం ఏంటని మా రూమ్మేట్ నవ్వాడు. నాలుగొందల కిలోమీటర్ల పైనుంచి ఎగిరిపోతూ వేసిన ఫొటోరా అది, ఏ టవరూ లేకుండా! పెద్దసార్‌కి మాత్రం మన హామ్‌శాట్ మీదే మమకారం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీలో వెళ్లిన మన హామ్‌ల ఉపగ్రహం అది. 2014 దాకా పనిచేసింది. ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్తారు దాని గురించి.

గదిలో జపాన్ సెట్లు రెండున్నాయి. వాటికంటే గౌరవం ఓ అల్యూమినియం డబ్బాకి. అది బిట్‌ఎక్స్. మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ డిజైన్. చవగ్గా దొరికే భాగాలతో ఎవరైనా ఇంట్లోనే చేసుకునేలా గీసిన సర్క్యూట్. కాయిల్స్ చుట్టుకోవడానికి నల్లాలో వేసే వాషర్లు చాలన్నారంటే చూడండి! ఎన్నో దేశాల్లో చేసుకున్నారు దాన్ని. మా డబ్బాని పెద్దసార్, ఆయన స్నేహితుడు కలిసి కొన్ని నెలలు కూర్చుని చేశారట. ఆ స్నేహితుడు 2021లో కొవిడ్‌తో పోయారు. హామ్‌లు ‘చనిపోయారు’ అనరు, ‘సైలెంట్ కీ’ అంటారు. మోర్స్ కీ మూగబోయిందని. ప్యానెల్ మీద నాబ్‌ల కింద మార్కర్‌తో వంకర అక్షరాలు ఆయనవే. వాటి మీద చెయ్యి తగిలితే చెరిగిపోతాయని పెద్దసార్ పారదర్శకంగా ఉండే టేపు అంటించారు.

దాన్ని నేను కాల్చేశాను.

వానాకాలంలో ఉరుములొస్తే యాంటెన్నా కేబుల్ పీకి కిటికీ బయట పడేస్తాం. ముందు రోజు రాత్రి పెద్దసార్ అలాగే పడేశారు. ఆదివారం పొద్దున నేను అందరికంటే ముందొచ్చా. ఆయన పాలకి వెళ్లారు. ఏడింటి నెట్‌లో హాజరు వేసుకుందామని సెట్ ఆన్ చేసి, వెనక కేబుల్ ఉందో లేదో చూడకుండానే మైక్ బటన్ నొక్కి కాల్‌సైన్ చెప్పా. పవర్ పోవడానికి దారే లేదు. మొత్తం వెనక్కి తన్నింది. సన్నగా కాలిన వాసన. మీటర్ ముల్లు పడుకుంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. “ఏమోయ్, ఎవరైనా దొరికారా?”

“బ్యాండ్ బాగాలేదు సార్” అన్నా. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

“ఔనోయ్, ఈమధ్య సోలార్ ఫ్లేర్లు ఎక్కువయ్యాయి” అన్నారాయన. నేను చేసిన వెధవ పని పోయి సూర్యుడి నెత్తిన పడింది.

సోమవారం స్టాండప్ కాల్‌లో బుర్ర పనిచేయలేదు. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే రోల్‌బ్యాక్ చేస్తాం. ఇక్కడ దేన్ని రోల్‌బ్యాక్ చేయను? ఇంకొకరెవరో ఆన్ చేసి, తామే పాడుచేశామనుకుంటే? ఆ ఆలోచనకే ముద్ద దిగలేదు. బుధవారం రాత్రి ఫోన్ చేసి మొత్తం కక్కేశా.

అటు కాసేపు మాట లేదు. “కేబుల్ కిటికీ బయటే ఉండటం ఆ రోజే చూశాను” అన్నారు. ఇంకాసేపాగి, “ఫైనల్‌లో ఐఆర్‌ఎఫ్510 పోయుంటుంది. కోఠి, గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. రెండు తీసుకురా. ఒకటి మళ్లీ కాలుస్తావు.”

ఆయన జోస్యం తప్పలేదు. పాతది ఊడదీసి కొత్తది టంకం పెట్టడానికి నాకు గంటన్నర పట్టింది. ఆయన చెయ్యి పెట్టలేదు, కుర్చీలో కూర్చుని చూశారంతే. ఆ మాస్‌ఫెట్ వెనక లోహపు రేకు కరెంటు పారేదే. దానికీ హీట్‌సింక్‌కీ మధ్య అభ్రకం ముక్క పెట్టాలి. తొందరలో పెట్టలేదు. ఆన్ చేయగానే ఫ్యూజ్ టప్‌మంది. ఫ్యూజ్ కాపాడబట్టి ట్రాన్సిస్టర్ బతికిందో లేదో చూద్దామని మల్టీమీటర్ పెట్టా. బతకలేదు. పెద్దసార్ మాట్లాడకుండా రెండోది అందించారు. ఈసారి అభ్రకం పెట్టి, బయాస్ మెల్లగా పెంచుతూ కరెంటు చూసుకుంటూ సెట్ చేశా. స్క్రూలు బిగించేటప్పుడు టేపు కింద ఆ వంకర అక్షరాలకి వేలు తగలకుండా డబ్బాని రెండు చేతులతో పట్టుకున్నా.

మర్నాటి ఆదివారం కేబుల్ రెండుసార్లు చూసుకున్నాక మైక్ పట్టుకున్నా. ఆరేడు వాట్ల పవర్, మా ట్యూబ్‌లైట్ కంటే తక్కువ. కాల్‌సైన్ చెప్పి వదిలేశా. గరగరల్లోంచి ఓ గొంతు నా కాల్‌సైన్‌ని తిరిగి చెప్పింది. వైజాగ్ స్టేషన్!

ఆగలేక తెలుగులోకి దిగిపోయా. హుద్‌హుద్ అప్పుడు మీరు రేడియో మీద ఉన్నారాండీ అని అడిగేశా.

“లేదండీ, నాకు లైసెన్స్ 2019లో వచ్చింది” అన్నాడు. నా వయసువాడే అయ్యుంటాడు. “మీ సిగ్నల్ ఫైవ్ సెవెన్. ఇక్కడ పొద్దున్నుంచీ వాన. గాజువాక వైపు మబ్బు ఇంకా పట్టి ఉంది. మీకెలా ఉంది?”

వెనక పెద్దసార్ లాగ్‌బుక్ తెరిచి పెన్ను మూత తీస్తున్నారు.