‘గమ్మున’ చూచిన నీలగిరి

క్రొత్తగా వివాహమైన దంపతులు నాలుగు దినములు ఎక్కడికైనను వెళ్ళి రావలెనని కోరుట నేడు సర్వసామాన్యము. మా యింటికి వచ్చెడి బంధువుల పిల్లలు, “తాతయ్యా, ఊటీలో మూడు రోజుల్లో ఏమేమి చూడొచ్చు?” అని నన్ను అడుగుచుందురు. నీలగిరుల చేరువనున్న కోయంబత్తూరులో పుట్టి పెరిగినవాడను గనుక నాకు సర్వమును తెలియునని వారి నమ్మకము. వారికి చెప్పదగినది నాకు ఒక్కటియే తెలియును. దానిని నేర్చుకొనుటకు నాకు మూడు దినములును, మా యింటి యిల్లాలికి కొంత కన్నీరును వ్యయమైనవి.

మా పూర్వులు నాయకరాజుల కాలమున ఈ కొంగునాటికి వచ్చిరని మా యింట చెప్పుకొందురు. ఇంటిలో తెలుగు మాటలాడుదుము. బడిలో తమిళము చదివితిమి. ఆ దినములలో నాకు తెలుగు అక్షరమొక్కటియు రాదు. 1982వ సంవత్సరము వైశాఖమాసమున గోదావరి తీరపు పల్లెయొకదాని నుండి నాకు వధువు వచ్చెను. ఇరువురిదియు తెలుగే గదా, మాటకు కొదువ యేమున్నదని పెద్దలు సంతోషించిరి. మా వంశమున నూతన దంపతులను తిరుపతికి పంపుటయే ఆచారము. మేము తిరుపతి నుండి మరలి వచ్చిన పిదప మా మేనమామ రెండు రైలు టిక్కెట్లును, ఒక ఉన్ని శాలువయు నా చేతిలో నుంచి, “పొయ్యి గమ్మున నాలుగు దినాలు ఉండి రండిరా” అనెను. నా భార్య ఆ మాట విని నావైపు వింతగా చూచెను. నేను గమనింపలేదు.

మేట్టుపాళయము నుండి ఉదకమండలమునకు రైలుదారి 46 కిలోమీటర్లు. అది 1899లో కూనూరు వరకును, 1908లో ఉదకమండలము వరకును ఏర్పడినది. కల్లారు దాటిన పిదప పట్టాల నడుమ పండ్లు గల యినుపకడ్డీలు ఆరంభమగును. ఇంజను తన పండ్లచక్రములతో ఆ కడ్డీలను పట్టుకొనుచు, పెట్టెలను వెనుక నుండి త్రోయుచు కొండ నెక్కును. దారిలో మలుపులు 208, సొరంగములు 16, వంతెనలు 250. ఎక్కుటకు దాదాపు ఐదు గంటలు పట్టును. ప్రతి జలధారను, ప్రతి లోయను చూపి నా భార్య ఏదో యొకటి చెప్పుచుండెను. ఆమె తెలుగు గోదావరి ప్రవాహమువలె సాగుచుండగా, దానికి సమాధానముగా నా యింటిమాటలను పలుకుటకు నాకు సిగ్గు కలిగెను. మాటలు లేక కలసి చూచుటయు ఒక సుఖమే గదా యని తలచి, “గమ్మున చూడు” అంటిని. ఆమె చప్పున మాట నిలిపి, కిటికీ వెలుపలికి ఒక్కమారు చూచి తల త్రిప్పుకొనెను. ముఖము చిన్నబోయెను. కారణము నాకు తెలియలేదు.

నా జేబులో ఒక పట్టిక యుండెను. సరస్సు, దొడ్డబెట్ట, కూనూరులోని సిమ్స్ పార్కు, ప్రభుత్వ వృక్షోద్యానము, ఇట్లు వరుసగా వ్రాసికొంటిని. మఱునాడు 2,637 మీటర్ల ఎత్తైన దొడ్డబెట్ట శిఖరమున మంచు విడిపోయి, కొండలపై కొండలు నీలముగా కనబడిన వేళ, “గమ్మున నిలుచుకో” అంటిని. ఆమె నలుదిక్కులకు ఒక్కొక్కమారు చూచి, వడివడిగా దిగిపోవ నారంభించెను. నేను వెనుక పరుగెత్తితిని. ఈమెకు నా సహవాసము నచ్చలేదని నాకు తోచెను. ఈయన ఈ పని ముగించుకొని యిల్లు చేర నెంచుచున్నాడని ఆమెకు తోచెనట! ఆ రెండు దినములును చూడవలసినవన్నియు చూచితిమి; ఒకరినొకరము మాత్రము చూచుకొనలేదు.

మూడవనాడు వృక్షోద్యానమునకు వెళ్ళితిమి. 1848లో నాటుటకు మొదలిడిన ఆ తోట వేసవిలో పుష్పములతోను, జనముతోను నిండియుండెను. పచ్చిక మీద ఒక చెట్టు నీడ చూపి, “ఇక్కడ గమ్మున కూర్చో” అంటిని. ఆమె కూర్చుండి, కొంగుతో కన్నులొత్తుకొనెను.

“కూర్చోమన్నా గమ్మున, చూడమన్నా గమ్మున! ఎందుకండీ ఇంత తొందర? ఇష్టం లేకపోతే రావడం దేనికి?”

నేను నిశ్చేష్టుడనైతిని. “తొందర ఎవురికి? గమ్మున అంటే సద్దు చెయ్యకుండా అని కదా?”

“మా వైపు గమ్మున అంటే త్వరగా అని!”

ఒక నిమిషము ఇరువురమును మాటలాడలేదు. పిమ్మట ఆమెయే మొదట నవ్వెను. నేను నా సిగ్గును గూర్చి అంతయు చెప్పితిని; ఆమెవలె మాటలాడలేక పోవుటచే నిశ్శబ్దమును కోరితినని ఒప్పుకొంటిని. “ఈ మాట రైల్లోనే చెప్పొచ్చుగా?” అని ఆమె అడిగెను. చెప్పవలసినదే. నా పట్టికను తీసికొని, దాని వెనుక ‘గమ్మున’ అని తెలుగులో వ్రాసి నాకు చూపెను. నేను నేర్చిన మొదటి తెలుగు అక్షరములు అవియే. ఆ దినమున మఱి యెచ్చటికిని పోలేదు. తోట మూయువరకు అచ్చటనే కూర్చుండి, ఆమె మాటలును నా మాటలును పోల్చి చూచుకొంటిమి. ఆమెకు ‘కొట్టు’ నాకు ‘అంగడి’. నేను ‘వస్తిని’ అనిన వచ్చితినని; ఆమె చెవికి అది ‘వస్తాను’ అన్నట్లుండెనట. ఏదియు తప్పు గాదు. ఒకే చెట్టు కొమ్మ లిరుదిక్కులకు సాగినవి, అంతియే.

ఆ రైలుదారి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. వాహనముల రద్దీ వలన న్యాయస్థానపు ఆదేశముపై 2024 మే మాసమున నీలగిరులకు వచ్చు వాహనములకు ఈ-పాస్ విధానము ప్రవేశపెట్టబడినది. అయినను మూడు దినములలో ముప్పది స్థలములు చూడ దలచువారి సంఖ్య తగ్గినట్లు తోచదు. నన్నడిగెడి పిల్లలకు నేను చెప్పునది ఇంతే: పట్టికలో సగము కొట్టివేయుడు. ఒక పూట ఏ పనియు పెట్టుకొనక ఒకచోట కూర్చుండుడు. ఎదుటివారి మాట యేదైనను మనసునకు గ్రుచ్చుకొన్నచో, దాని అర్థమేమని ఆ సాయంకాలమే అడుగుడు. మూడవనాటి వరకు ఆగవలదు. తెలుగువారికి తెలుగువారే అయినను, ఒకే వీధివారే అయినను, ప్రతి యింటికిని ఒక భాష కలదు. క్రొత్త దంపతులు దానిని నేర్చుకొనుటకే ఆ నాలుగు దినములు.

మా యింట నేటికిని ఆ మాటకు రెండర్థములును చెల్లుచున్నవి. ప్రొద్దుట కాఫీ చల్లారుచున్నదని మా యిల్లాలు వంటయింటి నుండి “గమ్మున రండి” అని పిలుచును. నేను త్వరగాను వెళ్ళుదును. సద్దు చేయకయు వెళ్ళుదును.