రెండింటికీ స్టార్ట్ ఉండాలి

కంప్యూటర్లో పాత వీడియో గేములు ఆడుకోవడానికి ఎలాంటి వైర్‌లెస్ కంట్రోలర్ కొనాలి? ఈ ప్రశ్న పట్టుకుని నెల రోజులు తిరిగాను. షాపు అబ్బాయి, మా ఆయన, హాస్టల్ నుంచి ఫోన్లో మా వాడు, అందరూ ముందు అడిగింది ఒకటే. "ఎవరికి?" నాకే అంటే నవ్వారు. నవ్వితే నవ్వనీ. డబ్బులు నేను జాకెట్లు కుట్టి దాచుకున్నవి.

మా వాడు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కొనమన్నాడు. సెలవుల్లో వస్తే వాడికీ పనికొస్తుందిగా మరి! మంచిదే కానీ, ఎడమ బొటనవేలు సహజంగా ఆనే చోట దానికి గుండ్రంగా తిరిగే పుల్ల ఉంటుంది. ప్లస్ గుర్తు బటన్, అదే డీ-ప్యాడ్, కిందకి పోయింది. కొత్త ఆటలకి ఆ పుల్ల కావాలి. నాకు కావలసింది కాంట్రా. అందులో పరిగెత్తడం, పడుకోవడం, ఏటవాలుగా కాల్చడం అన్నీ ఆ ప్లస్ మీదే. కుడివైపు నొక్కితే కుడికే పోవాలి, కాస్త కిందకి కూడా తగిలిందంటే తూటా నేలలోకి పోతుంది. అందుకని ప్లస్ బటన్ పైన ఉన్నవే చూశాను. ప్లేస్టేషన్ కంట్రోలర్లు అలా ఉంటాయి. 1990లో వచ్చిన సూపర్ ఫ్యామికామ్ ఆకారంలో ఇప్పుడు చేస్తున్నవీ అలాగే ఉంటాయి. నా చిన్న చేతులకి ఆ రెండో రకమే నప్పింది.

ఇక వైరు లేనిదంటే రెండు దారులు. ఒకటి బ్లూటూత్, రెండోది కంప్యూటర్‌కి గుచ్చే చిన్న డాంగిల్. ఇలాంటి ఆటలో బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మకి పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు. మనం నొక్కింది రెండు మూడు బొమ్మలు ఆలస్యంగా అందితే, గుంత దాటాల్సిన మనిషి గుంతలో ఉంటాడు. మామూలుగా డాంగిలే కాస్త చురుకు. పైగా మా పాత డెస్క్‌టాప్‌కి బ్లూటూత్ లేనే లేదు. ఒక చిట్కా చెబుతాను. డాంగిల్‌ని సీపీయూ వెనక, యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన గుచ్చితే సిగ్నల్‌కి అడ్డం తగలొచ్చు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి బల్ల మీదకి తెచ్చుకోండి. ఇంకోటి, నింటెండో వాళ్ల ఏ, బీ అక్షరాలు ఎక్స్‌బాక్స్ వాళ్లతో పోలిస్తే తారుమారుగా ఉంటాయి. సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, కంగారు పడకండి.

"ఒకటి చాలదూ?" అన్నారు మా ఆయన. చాలదు. రెండు కావాలి, రెండూ ఒకేలాంటివి కావాలి, రెండింటికీ స్టార్ట్ బటన్ ఉండాలి. ఇప్పుడు అన్నిటికీ ఉంటుందమ్మా, పేరు వేరైనా, అన్నాడు మా వాడు. తెలుసు. అయినా నొక్కి మరీ చూశాను.

1995లో మా నాన్న తెచ్చిన టీవీ గేమ్‌లో రెండో రిమోట్‌కి స్టార్ట్ ఉండేది కాదు. 1983లో జపాన్‌లో వచ్చిన అసలు ఫ్యామికామ్‌లోనే అంతట. దాని రెండో రిమోట్‌కి స్టార్ట్, సెలెక్ట్ బదులు చిన్న మైకు పెట్టారు. మాది నకలు కదా, మైకూ లేదు. మొదటి రిమోట్ తమ్ముడిది, రెండోది నాది. ఎవరూ పంచలేదు, అదంతే. ముప్ఫై ప్రాణాలొచ్చే పైకి పైకి కిందకి కిందకి మంత్రం నా నోట్‌బుక్ వెనక అట్ట మీద ఉండేది, కానీ నొక్కేది వాడు. ఆట మొదలెట్టాలన్నా వాడే, ఆపాలన్నా వాడే. మధ్యలో అమ్మ "నీళ్లొచ్చాయే, బిందెలు పట్టు" అని కేకేసేది. కేక ఎప్పుడూ నాకే. "ఒక్క నిమిషం ఆపరా" అంటే వాడు ఆపడు. నేను తిరిగొచ్చేసరికి నా సిపాయి చచ్చి ఉండేవాడు. మూడో లెవెల్ జలపాతంలో అయితే మరీ అన్యాయం. వాడు చకచకా పైకెక్కేస్తే తెర వాడితో పాటు పైకి పోతుంది, కింద మిగిలినవాళ్లు చచ్చినట్టే.

కాంట్రా పాత భాగాలు కొన్ని కలిపి కొనామీ వాళ్లే 2019లో కంప్యూటర్‌కి అమ్మకానికి పెట్టారు. అదే కొన్నాను. మొన్న సంక్రాంతికి తమ్ముడొచ్చాడు. మరదలు కూడా పక్కన కూర్చుంది, తన వంతు కోసం. రెండో లెవెల్లో ఉండగా వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు. అందరూ నా వంకే చూశారు. నేను స్టార్ట్ నొక్కాను. తెర ఆగిపోయింది. వెళ్లి స్టవ్ కట్టేసి, పనిలో పనిగా ముగ్గురికీ కాఫీ కలిపి, గ్లాసులు కడిగి తీసుకొచ్చాను. తొందరేం పడలేదు. వాడు రిమోట్ ఒళ్లో పెట్టుకుని "అక్కా, ఎంతసేపే" అంటూ కూర్చున్నాడు.

తర్వాత జలపాతం దగ్గర వాడే ముందెక్కాడు, షరా మామూలే. రిమోట్ లాక్కుని మరదలికిచ్చాను.