ఎర్రరాళ్ల మీద ఇరుసు

మోయాబు అన్న పేరు తెలుగు బైబిలు చదివినవారికి కొత్త కాదు. రూతు పుట్టిన దేశం అది. అమెరికాలో యూటా రాష్ట్రాన, కొలరాడో నది ఒడ్డున, ఆ పేరే పెట్టుకున్న చిన్న ఊరొకటి ఉన్నది. అక్కడివాళ్లు 'మోఅబ్' అంటారు. మొన్న వేసవి సెలవుల్లో నేనక్కడికి ప్రకృతి సౌందర్యం చూడడానికి వెళ్లానంటే అబద్ధమవుతుంది. అమెరికా ప్రయాణమవుతున్నానని తెలిసి మా అక్కయ్య ఒక పని ఒప్పజెప్పింది: తన కొడుకును నాలుగు చీవాట్లు పెట్టి రావాలి.

మా మేనల్లుడు సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇల్లు కొనడానికని కూడబెట్టిన డబ్బులోంచి కొంత తీసి, తన జీపుకు కొత్త ఇరుసు కొన్నాడు. "ఇల్లు లేనివాడికి ఇరుసెందుకురా?" అని అక్కయ్య ఫోనులో నిలదీస్తే, "మావయ్యను రానీ, చూపిస్తాను" అన్నాడట.

తీరా వెళ్లేసరికి వాడి షెడ్డులో జీపు చక్రాలు ఊడదీసి, స్టాండ్ల మీద కూర్చొని ఉంది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యంత్రాలతో నాకు పరిచయం తక్కువ. అందుకని వాడు మా తాతగారి ఎడ్లబండి దగ్గర మొదలుపెట్టాడు.

బండి ఇరుసు తిరగదు. చక్రాలే దాని మీద దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం నడుస్తాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. మోటారు బండిలో అలా కుదరదు. ఇంజను బలం ఇరుసు ద్వారానే చక్రాలకు అందాలి. అందుకని ఇరుసును రెండు ముక్కలు చేసి, నడుమ పళ్లచక్రాల పెట్టె ఒకటి పెట్టారు. అదే డిఫరెన్షియల్. 1827–28 ప్రాంతంలో పెక్వియర్ అనే ఫ్రెంచివాడు ఆవిరిబండి కోసం చేసిన కల్పన అది. రోడ్డు మీద దాన్ని మించిన పెద్దమనిషి లేదు. రాళ్లలోకి వెళితే మాత్రం దాని ధర్మబుద్ధే కొంప ముంచుతుంది. అది రెండు వైపులకూ సమానంగానే బలమిస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి, దానికి అడ్డేమీ ఉండదు గనుక బలమూ అక్కర్లేదు; అంతే సున్న నేల మీది చక్రానికీ దక్కుతుంది. పైనున్నది గిర్రున తిరుగుతుంది, కిందున్నది కదలదు. సోమరి అన్నతో సమానంగా వాటా పంచుకున్న తమ్ముడి బతుకు వంటిది.

ముందటి సంవత్సరం జరిగింది సరిగ్గా అదే. మోఅబ్ దగ్గర ఒక రాతి మెట్టు ఎక్కుతుండగా ముందు ఎడమ చక్రం పైకి లేచింది. కుర్రవాడు గాభరాపడి ఇంధనం తొక్కాడు. వడివడిగా తిరుగుతున్న చక్రం ఠక్కున రాతికి ఆనింది. ఆ కుదుపుకు పెట్టెలోని పళ్లు రాలిపోయాయి. జీపులో భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. అటూ ఇటూ లోయ, నడుమ జీపు పట్టేంత రాతివెన్ను. ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు ఇనుపతాడు కట్టి కిందికి దించేసరికి రాత్రయింది. ఆ అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. "దీన్ని గట్టి చేయించండి, లేదా అమ్మేయండి. రెండూ చేయకపోతే పాపను ఎక్కించను" అన్నదట.

అమ్మడానికి మనసొప్పలేదు. పాత ముందు ఇరుసులో 'క్రౌన్' అనే పెద్ద పళ్లచక్రం ఏడు అంగుళాల పైచిలుకు, కొత్తదానిలో ఎనిమిదిన్నర. లోపలి ఇరుసు కడ్డీలు లావైనవి, క్రోమియం కలిసిన ఉక్కువి. పైగా 'ఎయిర్ లాకర్' అని మరొకటి: డ్రైవరు మీట నొక్కితే గాలి ఒత్తిడితో రెండు కడ్డీలూ ఒకటైపోతాయి, అప్పుడు ఒక చక్రం గాలిలో ఉన్నా రెండవది లాగుతుంది. పెద్ద టైర్లు మోయడానికి పళ్ల లెక్కా మార్చాడు. ఇదివరకు క్రౌన్‌కు 41, దాన్ని తిప్పే పినియన్‌కు 11. ఇప్పుడు 39, 8. ముందూ వెనకా లెక్క ఒకటే కావాలి గనుక వెనక ఇరుసు కూడా విప్పవలసి వచ్చింది. ఖర్చు ఎక్కడ పెరిగిందో నాకప్పటికి అర్థమయింది.

పళ్లకు పసుపు ముద్ద పూసి తిప్పి, ఏ పన్ను ఎక్కడ ఒరుసుకుంటున్నదో చూచే పని రెండు రాత్రులు పట్టింది. అంగుళంలో వెయ్యోవంతుల తేడాలు! పెళ్లికూతురికి నలుగు పెట్టేవారు కూడా అంత శ్రద్ధగా చూడరు.

మోఅబ్ సాల్ట్ లేక్ సిటీకి నాలుగు గంటల దూరం. ఊరు కంటబడగానే మాట పడిపోయింది. ఎర్రని రాతిగోడలు, వాటి వెనక మంచు కప్పిన లా సాల్ కొండలు. ఒకప్పటి ఇసుకదిబ్బలే కోట్ల ఏళ్లకు రాళ్లయ్యాయి. గాలి పరచిన పొరలు ఇప్పటికీ కనిపిస్తాయి. గుర్రపు నాడాలు జారేవి గనుక 'స్లిక్‌రాక్' అన్నారు. చిత్రమేమిటంటే రబ్బరు టైరును అది బంకలా పట్టుకుంటుంది. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకు ఈ చుట్టుపక్కల యురేనియం దొరికింది. దానితో జనం ఎగబడ్డారు. వెదికేవాళ్లు బుల్డోజర్లతో కోసిన బాటలు ఎన్నో ఈనాడు జీపుల బాటలు. ఈస్టరు నాటి జీపుల జాతర 1967లో మొదలైంది.

మేమెక్కిన బాటకు 'హెల్స్ రివెంజ్' అని పేరు. నరకం పగ! అక్కయ్యకు చెప్పలేదు.

దారిలో ఒక జీపు ఆగిపోయి ఉంది. ముందు చక్రం దగ్గర కడ్డీని కలిపే కీలు విరిగింది. మావాడు దిగి, తన పెట్టెలోంచి పనిముట్లు తీసి గంటలో సాయం చేసి వచ్చాడు. "నీది ఇక విరగదు కదా?" అన్నాను. నవ్వాడు.

"విరుగుతుంది మావయ్యా. ఒకటి గట్టిచేస్తే బరువు పక్కదాని మీద పడుతుంది. అన్నీ గట్టిచేసుకుంటూ పోతే అంతు లేదు. విరిగేది ఎక్కడ విరగాలో ముందే నిర్ణయించుకోవాలి. పెట్టె లోపల విరిగితే ఇంటికి వెళ్లలేం. బయటి కీలు విరిగితే గంట పని. అందుకే కీలు మామూలుదే ఉంచాను. అలాంటివి రెండు వెంట తెచ్చాను."

నేను పెట్టదలచిన చీవాట్లు అక్కడే మింగేశాను.

పాత మెట్టు దగ్గరికి చేరాం. రాతి నిండా టైర్ల నల్లచారలు. పాపను ఎత్తుకొని అమ్మాయి దిగి పక్కన నిలబడింది, నన్నూ దిగమంది. దిగలేదు, ఎందుకో తెలియదు. మీట నొక్కగానే లోపల టక్కుమంది. ముందు చక్రం లేచింది. ఎదట ఆకాశం తప్ప మరేమీ లేదు. వాడు ఇంధనం తొక్కలేదు. జీపు ముసలి ఎద్దులా నిదానంగా పాకింది. పైన ఆగాక చూస్తే నా చొక్కా తడిసి ఉంది. అమ్మాయి నడిచి వచ్చి, ఏమీ అనకుండా పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి పట్టీ బిగించింది.

వచ్చేటప్పుడు పళ్లు రాలిన పాత చక్రమొకటి అడిగి తెచ్చుకున్నాను. అక్కయ్య దాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూచి, విరిగిన పన్ను మీద వేలు పెట్టింది. "ఇది విరిగినప్పుడు పాప జీపులోనే ఉందిట్రా?" అన్నది.