పెళ్లిగుర్రం బండికి వైరింగు

కొత్తపేట దాటాక కాలువ గట్టున ఒక రేకుల షెడ్డు. ముందు పాత బ్యాటరీలు, విప్పి పడేసిన హెడ్‌లైట్ డూములు, కొక్కేలకు వేలాడే వైరు చుట్టలు. పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పే ఒక పెద్దాయన తన పికప్ వ్యానుకి వైరింగు మార్పిస్తున్నారని తెలిసి, చూద్దామని వెళ్లాను. గుర్రాలు రాలేదు. బండి ఒక్కటే వచ్చింది, తొట్టినిండా ఎండుగడ్డి వాసనతో.

కోనసీమలో గుర్రాలేమిటని అడిగేవాళ్లున్నారు. జట్కాలు పోయినా పెళ్లికొడుకు గుర్రమెక్కే సరదా పోలేదు. మన వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే. గుర్రం దీపాలు పెట్టే వేళకు ఇంటి దగ్గర బయల్దేరి, ఎదురుసన్నాహం ముగించుకుని, కోడి కూసేలోపు వెనక్కి రావాలి. అంటే దాని ప్రయాణమంతా చీకట్లోనే. దారులా, ఒక పక్క కాలువ, రెండో పక్క పంటబోదె, మధ్యలో రోడ్డు. మాఘమాసంలో మంచు పడితే ఆ మూడింటికీ తేడా తెలియదు.

షెడ్డు కుర్రాడు బండి కిందకి దూరి, టెయిల్ ల్యాంపు వెనక నుంచి జానెడు ఎర్తు వైరు కోసి నా చేతిలో పెట్టాడు. పైన నల్ల తొడుగు శుభ్రంగా ఉంది. గోటితో ఒలిస్తే లోపల రాగి పచ్చగా చిలుమెక్కి పొడిపొడిగా రాలింది.

“గుర్రం పోసిందంతా తొట్టి సందుల్లోంచి దిగి ఇలా తినేస్తాదండి. ఆపైన ఈయన రోజూ పైపెట్టి కడుగుతారు.”

“కడక్కపోతే డెక్కలు పాడవ్వవా?” అన్నారు పెద్దాయన.

“ఆయ్, కడగొద్దని నేననలేదు బాబాయ్ గారూ.”

ఇలా ఎర్తు పాడైన బండిలో లైట్లు పూర్తిగా ఆరిపోతే నయం, ఎవరో ఒకరు చెబుతారు. అవి ఆరవు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది, ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపు దాంతోపాటు కొట్టుకుంటుంది. సీట్లో కూర్చున్నవాడికి ఇదేమీ తెలియదు. వెనక వచ్చేవాడికి మాత్రం బండి ఆగుతోందో, తిరుగుతోందో అంతుపట్టదు. కుర్రాడు ఛాసిస్‌కి బోల్టు వేసి వదిలేసిన పాత ఎర్తును పీకేశాడు. వెనక లైట్ల నుంచి బ్యాటరీ దాకా విడిగా ఒక వైరు లాగి, మొత్తం వైరింగుని ప్లాస్టిక్ గొట్టంలోకి ఎక్కించి, తొట్టి కింద నుంచి కాకుండా పై అంచు వెంట తీసుకొచ్చాడు.

ఇంకో ఇబ్బంది పెద్దాయనే చూపించారు. గుర్రాన్ని ఎక్కించాలంటే వెనక డోరు దించి, దాని మీద బల్ల వాల్చాలి. దించిన డోరు సరిగ్గా వెనక లైట్లకు అడ్డం పడుతుంది. పెళ్లివారింటి ముందు సందులో చోటు లేక రోడ్డు పక్కనే ఎక్కించాల్సి వస్తే, నాలుగు ఇండికేటర్లూ వేసినా వెనక వాటి జాడ ఉండదు. అందుకని తొట్టి వెనక పైపుకి, మనిషి తలెత్తున, మరో రెండు ఎర్ర లైట్లు బిగిస్తున్నారు. రేడియం స్టిక్కరుకీ ఒక పద్ధతి ఉంది: ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. మన రోడ్ల మీద ఏ రంగు చుట్ట చేతికందితే దాన్నే అంటించేసిన బళ్లు ఎన్నో. గడ్డి మోపుల కింద లైట్లూ స్టిక్కర్లూ రెండూ మాయమైన బళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

వెనక వెలుగు మీద ఇంత పట్టుదల ఎందుకంటే గుర్రం బండి నెమ్మదిగా పోవాలి. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం గుర్రాలున్న బండి గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. రొయ్యల లారీలు దూసుకెళ్లే 216 జాతీయ రహదారి మీద రాత్రిపూట 35లో పోయే బండి ఎంత దూరం నుంచి కనిపిస్తే అంత మంచిది.

అవే నియమాల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. గుర్రాలు బెదరకుండా, దెబ్బ తగలకుండా వాటి తలలు ఎడమ వైపుకి, ఎదురొచ్చే బళ్లకు దూరంగా ఉండాలట. రాసినవాళ్లెవరో గుర్రాన్ని ఎరిగినవాళ్లే. ఎదుటి బండి హెడ్‌లైటు మనకు కుడి నుంచే కదా కొడుతుంది. అయితే ఈ తొట్టి తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు. గుర్రం పూర్తిగా అడ్డంగా పట్టదు. పెద్దాయన వాటిని ఏటవాలుగా, తల ఎడమ మూలకు వచ్చేలా నిలబెట్టి, మధ్యలో వెదురు బొంగు కడతారు. క్యాబిన్ పైన కుడి సగానికి ప్లైవుడ్ చెక్క బిగించి వెలుగుకు అడ్డం పెట్టారు. మోటారు వాహనాల నియమాల్లో 2015లో చేర్చిన లెక్క ప్రకారం ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటుండాలి, అంటే సుమారు 24 చదరపు అడుగులు. ఈ తొట్టిలో సరిగ్గా రెండు. మూడోది ఎక్కించమని బేరమాడేవాళ్లుంటారని, ఒప్పుకోనని చెప్పారాయన.

నేల మీద తిరిగే జంతువుల్లో చాలా పెద్ద కళ్లున్నవాటిలో గుర్రం ఒకటి. కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి చీకట్లో మనకంటే మెరుగ్గా చూస్తుంది. కానీ వెలుతురులోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుతురులోకి మారినప్పుడు ఆ కన్ను కుదుటపడటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇప్పుడు పెళ్లి ఊరేగింపుని తలుచుకోండి. జనరేటర్ బండి, నెత్తిన దీపాలు మోసేవాళ్లు, డ్రోన్ కెమెరా, సెల్‌ఫోన్ ఫ్లాషులు, తారాజువ్వలు. గంటన్నర ఆ వెలుగులో నిలబెట్టి, పెళ్లికొడుకు దిగీ దిగగానే చీకటి తొట్టిలోకి ఎక్కమంటే అది మొండికేస్తుంది. దాని కంటికి అక్కడ ఉన్నది గొయ్యో, తొట్టో తెలియదు. మనవాళ్లు పొగరనుకుని తోక మెలిపెడతారు.

ఈయన ఊరేగింపు అయ్యాక గుర్రాన్ని దీపాలకు దూరంగా నడిపించుకుపోయి, ఉలవలు పెట్టి, అరగంట ఊరకే ఉంచుతారు. ఆ తర్వాతే బండి దగ్గరికి. అప్పుడు తొట్టి లోపల, బల్ల మీద ఒకే తీరు వెలుతురు ఉండాలి. ఇంతకుముందు తొట్టి మధ్యలో ఒకే బల్బు వేలాడేదట. అది ఊగితే నీడలూ ఊగి గుర్రం వెనక్కి తన్నుకునేది. ఇప్పుడు రెండు పక్కలా పై పైపు చాటున చిన్న పసుపు లైట్లు పెట్టిస్తున్నారు, కాంతి గోడల మీద పడేలా. స్విచ్చి క్యాబిన్‌లో వద్దని, వెనక పగ్గం పట్టుకునే మనిషి చేతికందేలా పెట్టమని పట్టుబట్టారు. బండి కదిలాక లోపలి లైట్లు ఆర్పేస్తారు.

ముందు లైట్ల దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. తెల్లటి ఎల్ఈడీ బారు ఒకటి బంపర్‌కి బిగిస్తే కాలువ గట్టు స్పష్టంగా కనిపిస్తుందని కుర్రాడి సలహా. ఇప్పుడు ప్రతి ఆటోకీ, ట్రాక్టరుకీ అదే జబ్బు. ఎదుటివాడి కళ్లు పోతే వాడొచ్చి గుద్దేది మనల్నేగా. పెద్దాయన వద్దనేశారు. ఉన్న హెడ్‌లైట్లనే శుభ్రం చేయించి, గోడకు ఎదురుగా బండి నిలిపి డిమ్ము కొట్టించి, వెలుగు ఎంత ఎత్తులో పడుతుందో చూసి స్క్రూ తిప్పించారు. తొట్టిలో రెండు గుర్రాలెక్కితే వెనక భాగం కుంగి ముందు వెలుగు పైకి లేస్తుందని, ఆ బరువుకు తూకంగా సిమెంటు బస్తాలు ముందే వేయించుకొచ్చారు. గడ్డి కింద ఉన్నవి అవేనని అప్పుడు తెలిసింది.

చివర్లో కుర్రాడు రివర్స్ మ్యూజిక్ పెట్టమంటారా అని అడిగాడు.

“ఎందుకురా, గుర్రం బెదరడానికా? వెనక్కి కొట్టేటప్పుడు మా వాడు దిగి చెబుతాడులే. ఆ బల్లకి కూడా రెండు పక్కలా తెల్ల స్టిక్కరు అంటించు, అంచు కనపడాలి,” అన్నారాయన. ఆ రాత్రి సఖినేటిపల్లి వైపు పెళ్లి ఉందట, చీకటి పడేలోపు బండి కావాలన్నారు.