ఆరు వంతెనలు

నేనుండే డెమోయిన్ నగరానికి నైరుతి దిక్కున సుమారు ముప్ఫై అయిదు మైళ్ళ దూరంలో వింటర్‌సెట్ అనే చిన్న ఊరుంది. అయోవా రాష్ట్రంలో మాడిసన్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. 2020 లెక్కల ప్రకారం కౌంటీ మొత్తానికి జనాభా 16 వేల పైచిలుకు. మిగిలినదంతా మొక్కజొన్న, సోయా చేలు. ఇంత దగ్గరలో ఏళ్ళతరబడి ఉంటూ కూడా, మొన్న అక్టోబరులో మా అబ్బాయి బడిలో ఏదో రాసుకురమ్మంటే గాని అటు వెళ్ళలేదు నేను.

అక్కడ ఇంటిలాగా కప్పూ గోడలూ ఉన్న చెక్క వంతెనలున్నాయి. రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో రాసిన నవల, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన సినిమా వీటికి లోకమంతటా పేరు తెచ్చాయి. (ఆ నవల నాకంత రుచించలేదు. వింటర్‌సెట్‌లో ఈ మాట పైకి అనలేదు లెండి.)

వంతెనకు కప్పెందుకు? మంచు పడకుండా కాబోలు అనుకున్నాను. అసలు కారణం అంతకన్నా లౌక్యమైనది. నడవడానికి కింద పరిచే పెద్ద దూలాలు ఖరీదైనవి. గోడలకూ కప్పుకూ కొట్టే పలకలు చవక. ఖరీదైన కర్ర వానకు నానకుండా చవక కర్రతో గొడుగు పట్టించారు కౌంటీ పెద్దలు. పక్కన కాపురమున్న వాళ్ళ పేరే వంతెనకు పెట్టేవారట. ఒకప్పుడు ఇలాంటివి 19 ఉండేవి. ఇప్పుడు ఆరు.

ముందుగా రోజ్‌మన్ వంతెనకు వెళ్ళాం. 1883లో బెంటన్ జోన్స్ కట్టినది. లోపల అడుగు పెట్టగానే చల్లగా, చీకటిగా, పాత ధాన్యపు కొట్టులో ఉన్నట్లుంది. అటూ ఇటూ ఏటవాలుగా, జాలీలాగా అల్లిన పలకల సందుల్లోంచి వెలుతురు గళ్ళుగళ్ళుగా పడుతోంది. ఆ పలకల నిండా పేర్లు. కత్తితో చెక్కినవి, పెన్నుతో రాసినవి, ఒకదాని మీద ఒకటి. 1892లో జైలునుంచి పారిపోయిన ఖైదీ ఒకడిని రెండు వైపులనుంచీ ఇక్కడ చుట్టుముడితే, వాడు పెద్ద కేక పెట్టి కప్పులోంచి పైకి లేచి మాయమైపోయాడని చెప్పుకుంటారు. మావాడు తల పైకెత్తి చాలాసేపు కప్పులో కన్నం కోసం వెదికాడు.

1966 నాటి చట్టంతో ఈ దేశంలో చారిత్రక స్థలాలకు ఒక జాతీయ జాబితా ఏర్పడింది. ఈ వంతెనలు 1976లో అందులోకెక్కాయి. జాబితాలో పేరుంటే ఇక ఎవరూ చెయ్యి వెయ్యలేరని నేననుకునేవాణ్ణి. అదేమీ లేదు. సొంతదారు తన డబ్బుతో తన కట్టడాన్ని కూల్చుకుంటే ఆ జాబితా ఆపలేదు. అది గౌరవమే గాని కాపలా కాదు.

కాపలా లేని సంగతి సీడర్ వంతెన దగ్గర తెలుస్తుంది. ఇదీ 1883లో కట్టినదే. 1921లో ఇప్పుడున్న చోటికి తరలించారు. 2002లో ఎవరో నిప్పు పెట్టారు. పాత నమూనా ప్రకారమే మళ్ళీ కట్టి 2004లో తెరిచారు. 2017లో మళ్ళీ తగలబడింది. ఈసారి అది కుర్రకారు చేసిన పని. 2019లో మళ్ళీ కట్టారు. ఇది ఆ వంతెనేనా అని అడగబోయి ఊరుకున్నాను. జీర్ణోద్ధరణ చేసిన గుడి ముందు నిలబడి ఇది పాత గుడేనా అని మనం అడుగుతామా?

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది లేని వంతెన. మక్‌బ్రైడ్ వంతెన మీద ఒకతను తన పేరూ ప్రియురాలి పేరూ పొడి అక్షరాల్లో చెక్కుకున్నాడు. ఆమె దూరమయ్యాక ఆ అక్షరాలు చూడలేక 1983లో వంతెననే తగలబెట్టాడు. 1870 నాటి కర్ర అంతా పోయింది.

అతణ్ణి తిట్టుకుంటూ కారెక్కినవాణ్ణి, కాస్త దూరం వెళ్ళేసరికి నోరు మూతపడింది. గోదావరి పక్కన మా తాతగారి మండువా ఇంట్లో ఎనిమిది టేకు స్తంభాలుండేవి. వంటింటి వైపున్న స్తంభానికి మా పిల్లలందరి ఎత్తులూ మామ్మ కత్తిపీట మొనతో గీసేది. నా గీతలు అయిదు. 2014లో అమ్మ ఫోన్ చేసి, "కప్పు కారుతోందిరా. పాత కలప కొనే అతనొచ్చి స్తంభాలకు మంచి ధర చెబుతున్నాడు. ఏమంటావు?" అంది. నేను ఆఫీసులో ఉన్నాను. "నీ ఇష్టం అమ్మా" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు వచ్చిన వాటాతో ఈ కారుకు మొదటి వాయిదా కట్టాను.

ఇంటికొచ్చాక అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. ఆ స్తంభాలు ఎక్కడికి పోయాయో తెలుసా అని అడిగాను. "ఎవరికి తెలుసు నాన్నా, ఏ హోటల్లో నిలబెట్టారో" అంది. కాసేపాగి, "అతను లారీకెత్తేటప్పుడు నీ గీతలున్నది మాత్రం ఉంచెయ్యమన్నాను. ఎనిమిదీ అయితేనే తీసుకుంటానన్నాడు" అంది.

ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"నువ్వు పనిలో ఉన్నావుగా."